పర్లాకిమిడిలో ఉండి తెలుగులో టీనేజ్ ఫాంటసీ నవల అచ్చు వేయించడం: నా అనుభవం

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంటూ పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలకు తెలుగులో ఫాంటసీ నవలలు రాస్తాను. ఇక్కడ రాసేవాళ్లే అచ్చు పనీ చూసుకోవాలి. ఆ దారిలో అడుగుపెట్టేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

కథ మొదలుపెట్టకముందే మాయకు హద్దులు గీస్తాను. ఎవరు చేయగలరు, ఎవరికి చేతకాదు, చేసినందుకు ఏం పోగొట్టుకుంటారు. ఈ మూడోది తేలకపోతే నవల సగంలోనే చతికిలబడుతుంది. ఆపద వచ్చినప్పుడల్లా మంత్రం వేసి బయటపడే హీరోని పిల్లలు నమ్మరు. నేల మాత్రం మనదే వాడతాను. 1501 మీటర్ల మహేంద్రగిరి, దాని మీద భీముడి గుడి, కుంతి గుడి, మన ఊరి పక్కనే పారే మహేంద్రతనయ ఉండగా మంచుకోటలు అరువు తెచ్చుకోవడం నాకు నచ్చదు. ఇక్కడి గిరిజనులైన సవర పెద్దలు చెప్పిన కథ తీసుకుంటే వాళ్లని అడిగి, ఆ మాట పుస్తకంలో వేయాలి.

నిడివి ముందే లెక్క కట్టండి. డెమీ సైజులో, అంటే మామూలు నవల సైజులో, పేజీకి 240 మాటలనుకుంటే 48,000 మాటలకు 200 పేజీలు. టైటిలు, ముందుమాట కలిపి ఇంకో 8. మొత్తం 208, అంటే 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచే పేజీల కట్టలు) సరిగ్గా 13. ఒక్క పేరా అటు దాటినా అదనపు కాగితం ఖర్చే. లోపలికి 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) మ్యాప్‌లిథో కాగితం, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు చాలు.

అసలు తంటా డీటీపీ దగ్గర, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టేటప్పుడు, వస్తుంది. మనం యూనికోడ్‌లో టైపు చేస్తాం, చాలా ప్రెస్సుల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. మార్చేటప్పుడు 'ష్ట్ర', 'స్త్ర' లాంటి వత్తులు చెదిరిపోతాయి. ఫాంటసీకి ఇంకో చిక్కుంది. మనం కల్పించిన పేరు పొల్లుతో ముగిస్తే, 'జిలుమ్‌తో' అన్నది 'జిలుమ్తో' అయి కూర్చుంటుంది. మధ్యలో ఉండే కనబడని విడదీత గుర్తు మార్పిడిలో పోవడమే కారణం. పైగా ప్రూఫులు దిద్దేవారు వింత పేర్లను అచ్చుతప్పులనుకుని 'సరి' చేసేస్తారు. అందుకే పాత్రలు, ఊళ్లు, మంత్రాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి ప్రూఫుతో పాటు ఇస్తాను. కుదిరితే పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టించండి, సగం బాధ తప్పుతుంది. తుది ప్రూఫు స్క్రీన్ మీద కాదు, కాగితం మీదే చూడాలి.

పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు ఫీజు లేదు. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ సైటులో రచయితే ప్రచురణకర్తగా నమోదు చేసుకోవచ్చు. ఒడిశా చిరునామా ఉన్నా తెలుగు పుస్తకానికి అడ్డేం లేదు. అట్ట మీద బార్‌కోడ్ పడాలి కాబట్టి అట్ట ఖరారు చేయకముందే దరఖాస్తు పెట్టండి.

కాపీరైటు రాసిన క్షణం నుంచే మనది. రిజిస్టర్ చేయించుకుంటే తగాదా వచ్చినప్పుడు సాక్ష్యంగా నిలుస్తుంది. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి.

పుస్తకం వెలువడ్డ 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరాతో కలిపి చట్టం చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. ఆ పోస్టు రసీదులు దాచుకోండి.