డ్యూటీ చార్టులో పరిశోధనకు ఒక రోజు

ఎమ్మెస్సీ నర్సింగ్ పూర్తయ్యాక అందరూ అడిగింది ఒకటే: "ఏ కాలేజీలో చేరుతున్నావు?" మన దగ్గర దారి అలా పడిపోయింది. పై చదువు చదివిన నర్సు పాఠాలు చెప్పడానికి వెళ్లిపోతుంది, వార్డులో మిగిలిన నర్సు పరిశోధన జోలికి పోదు. నాకు రెండూ కావాలనిపించింది. హైదరాబాద్‌లోని ఒక బోధనాసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా ఉంటూనే ఒక చిన్న అధ్యయనం పూర్తిచేశాను. ఆ దారిలో నడవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

నా ప్రశ్న క్యాన్యులా గురించి, అంటే మందులు ఎక్కించడానికి చేతి సిరలో పెట్టి ఉంచే సన్నటి గొట్టం గురించి. బాగున్నా సరే, మూడు నాలుగు రోజులకోసారి దాన్ని మార్చడం చాలాచోట్ల అలవాటు. ఆస్ట్రేలియాలో క్లేర్ రికర్డ్ అనే నర్సు పరిశోధకురాలి బృందం 3,283 మంది రోగులతో ఈ అలవాటును పరీక్షకు పెట్టింది. గడువు ప్రకారం మార్చినా, అవసరమైనప్పుడే మార్చినా సిరవాపు వచ్చింది 7 శాతం మందికేనని 2012లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. నేను అంత దూరం పోలేదు. మా వార్డులో ఏ క్యాన్యులాలు ముందుగా పాడవుతున్నాయో తెలిస్తే చాలనుకున్నాను.

అందుకు విప్ స్కోరు వాడాం, సిరవాపు ఎంత ముదిరిందో కంటితో చూసి అంకె వేసే పద్ధతి అది. సూది చోట కొద్దిగా నొప్పో ఎరుపో ఉంటే 1. నొప్పి, ఎరుపు, వాపుల్లో రెండు కనిపిస్తే 2, ఇక ఆ క్యాన్యులా తీసేయాల్సిందే. సిర గట్టిపడి వేలికి తాడులా తగిలితే 4. దానికి జ్వరం తోడైతే 5. చెప్పడానికి నిమిషం పని. ప్లాస్టర్ మీద నెత్తురు ఎండి అట్టకట్టి ఉంటే మాత్రం లోపల ఏముందో కనిపించదు, తడిపి విప్పి చూడాలి. మళ్లీ పొడుస్తారేమోనని వాచిన చేతిని దుప్పటి కింద దాచుకునేవారూ ఉంటారు. రోజూ మంచం పక్కన నిలబడే మనిషికే ఇవన్నీ కంటబడతాయి.

ప్రధాన పరిశోధకుడిగా ప్రొఫెసరు గారి పేరు ఉండాలని ఆఫీసులో అన్నారు. "ప్రశ్న సిస్టర్‌ది, పేరు కూడా సిస్టర్‌దే ఉండాలి" అని ఆయనే తేల్చేశారు. ఎంతమంది రోగులు కావాలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో లెక్కకట్టి ఇచ్చారు.

రోగులపై పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో అందరూ డాక్టర్లే ఉండరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం చట్టం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు కూడా ఉండాలి, అధ్యక్షులు బయటి సంస్థవారై ఉండాలి. నన్ను నిలదీసింది ఆ సామాన్య సభ్యురాలే, రిటైరైన టీచరు. "అమ్మా, పొద్దున ఇంజెక్షన్ ఇచ్చేదీ మీరే, సంతకం అడిగేదీ మీరే. వద్దంటే ఇంజెక్షన్ ఆలస్యమవుతుందేమోనని పేషెంటు భయపడడా?" భయపడతాడు. సిస్టర్ అడిగితే కాదనేవారు మా వార్డులో అరుదు. సమ్మతి నేను కాకుండా పక్క వార్డు సిస్టర్ తీసుకోవాలని లాయరు గారు సూచించారు. ఎవరు వద్దన్నారో కేస్ షీటులో రాయకూడదని కూడా అన్నారు. వార్డులో పనిచేస్తూ పరిశోధన చేసే నర్సు ఎవరైనా ముందుగా ఆలోచించుకోవలసిన సంగతి ఇది.

అసలు తిప్పలు సమయం దగ్గర వచ్చాయి. నైట్ డ్యూటీ దిగి, నిద్ర కళ్లతో స్కోర్లు ఎక్కించేదాన్ని. మే 12న నర్సుల దినోత్సవానికి శాలువా కప్పారు, డ్యూటీ చార్టు మాత్రం మారలేదు. ఆ తర్వాత వారానికి ఒక రోజు ఇస్తామని నోటిమాటగా అన్నారు. ఎవరో ఒక సిస్టర్ సెలవు పెట్టగానే ఆ రోజు కాస్తా ఎగిరిపోయింది. ఇంగ్లండ్‌లో పనిచేసే నా జూనియర్ అక్కడి 70 ఎట్ 70 పథకం గురించి చెప్పింది. 2018లో ప్రకటించిన ఆ పథకంలో 70 మంది నర్సులు, మిడ్‌వైఫ్‌లకు వారానికి రెండు రోజులు పరిశోధన పనికి కేటాయించి, ఆ జీతం కూడా పథకమే భరించింది. ఆ మాట పట్టుకుని నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం దగ్గరికి రాతపూర్వకంగా వెళ్లాను. ఆమె అడిగింది ఒక్కటే: "ఆ రోజు నీ మంచాలు ఎవరు చూస్తారు?" న్యాయమైన ప్రశ్న. ఇన్‌ఛార్జి సిస్టర్‌తో కూర్చుని, రిలీవరు ఎవరో, ఏ షిఫ్టులోనో మూడు నెలలకు రాసిచ్చాం. అప్పుడు ఆర్డరు వచ్చింది, పరిశోధన రోజు కూడా డ్యూటీయేనని స్పష్టంగా రాసి. ఎవరైనా నన్ను సలహా అడిగితే, గైడు కన్నా ముందు ఆ కాగితం సంపాదించుకోమంటాను.

"మేం బీపీలు చూస్తుంటే నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుంటావు" అని తోటివాళ్లు దెప్పారు. అందులో నిజం లేకపోలేదు. అందుకే స్కోరుకు వేరే ఫారం పెట్టకుండా, జ్వరం, నాడి, శ్వాస రాయడానికి రోజూ నింపే టీపీఆర్ చార్టులోనే ఒక గడి చేర్చాం. నింపినవాళ్లందరి పేర్లూ నివేదికలో వేశాను. దెప్పుళ్లు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

క్యాజువాలిటీలో హడావిడిగా, మోచేతి మడతలో పెట్టిన క్యాన్యులాలే ముందుగా పాడవుతున్నాయని తేలింది. మా వార్డు వరకే ఈ మాట. క్యాజువాలిటీ సిస్టర్లకు చూపిస్తే, "అక్కా, బీపీ పడిపోయి షాక్‌లో వచ్చినవాడికి ముంజేతిలో సిర ఎక్కడ వెతకమంటావు?" అన్నారు. పెట్టే చోటు గురించి ఇక వాదించలేదు. పేషెంటు వార్డుకు రాగానే క్యాన్యులా చూసి, అవసరమైతే అప్పుడే వేరే చోట పెట్టడం మొదలుపెట్టాం.

ఇప్పుడు పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను, వార్డు వదలకుండానే. ఆర్డరు గడువు ముగియడంతో మళ్లీ అర్జీ పెట్టాను. ఈసారి అందులో రెండు పేర్లున్నాయి. సమ్మతి పత్రాలు తీసుకున్న పక్క వార్డు సిస్టర్‌కు మంచంపుండ్ల మీద పనిచేయాలని ఉంది. ఇద్దరినీ ఒకే రోజు వదలడం కుదరదన్నారు మేడం. మంగళవారం ఆమెకు, శుక్రవారం నాకు అని రాసుకున్నాం.