ఒక ఎక్స్‌ట్రాక్టరు, రెండు కొలతల పెట్టెలు: మా తేనెటీగల బృందం ఏడాది డైరీ

ఆగస్టు

వానాకాలం పెట్టెల దగ్గర పెద్ద పని ఉండదు. కోనసీమలో కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది కాబట్టి పుప్పొడికి మరీ లోటు రాదు. కానీ ముసురు పట్టినన్నాళ్లూ ఈగలు గడప దాటవు. పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం సాయంత్రం పూట పెట్టడం, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింది డబ్బాల్లో నీళ్లు ఉన్నాయో లేదో చూసుకోవడం, అంతే. ఆ నీళ్లలో రెండు చుక్కలు పాత ఇంజనాయిల్ వేస్తే దోమలు కూడా పెరగవు. అందరికీ తీరిక దొరికింది కాబట్టి ఉమ్మడి సామాను సంగతి ఈ నెలలోనే తేల్చేశాం.

మాది పెద్ద బృందమేమీ కాదు. అంబాజీపేట, రావులపాలెం, కడియం చుట్టుపక్కల ఊళ్లవాళ్లం. ఎక్కువ మందికి రెండు మూడు పెట్టెలు, అన్నీ పుట్టతేనె ఈగలే, అంటే మన దేశవాళీ చిన్న రకం. రంపచోడవరం వైపు జీడిమామిడి తోట ఉన్న బాబాయి ఒక్కరే ఇటాలియన్ ఈగలు పెంచుతారు. లెక్కకు ఆయన ఒక్కరి పెట్టెలే మా అందరి పెట్టెలన్ని ఉంటాయి.

ఏది ఉమ్మడిగా కొనాలి, ఏది ఎవరికి వాళ్లు కొనుక్కోవాలి అన్నదానిమీద కాసేపు వాదన నడిచింది. నా లెక్క ఇది: ఖరీదెక్కువై, ఏడాదిలో కొన్ని రోజులే పని పడేది ఉమ్మడిది. చవకై, వారం వారం చేతిలో ఉండాల్సింది సొంతం. అలా చూస్తే తేనె తీసే ఎక్స్‌ట్రాక్టరు, తేమ చూసే రిఫ్రాక్టోమీటరు, తేనె గదుల మైనపు మూతలు కోసే పెద్ద కత్తి, జల్లెడలు ఉమ్మడి ఖాతాలోకి వెళ్లాయి. ముసుగు, గ్లౌజులు, స్మోకరు, పెట్టె తెరిచే ఉలి ఎవరివి వాళ్లవే. స్మోకరు కొనలేకపోతే రేకు డబ్బాకి చిల్లులు పెట్టి కొబ్బరి పీచు కూరినా పొగ వస్తుంది. మాకు పీచుకి కరువా!

ఈగలు పట్టు కట్టడానికి పునాదిగా పెట్టే మైనపు షీట్లు అచ్చు వేసే రోలర్ మెషిన్ కూడా కొందామని ఇద్దరు పట్టుబట్టారు. నేను వద్దన్నాను. పట్టులో ఇటాలియన్ ఈగల గది వెడల్పు సుమారు 5.4 మి.మీ., మన పుట్ట ఈగలది అంతకన్నా చిన్నది. రోలరు ఒక కొలతకే పనికొస్తుంది. పైగా మా పెట్టెల్లో వచ్చే మైనం ఎంతని? ఫ్రేము, అంటే ఈగలు పట్టు కట్టే చెక్క చట్రం, దాని పై బద్ద కింద సన్నగా ఒక గీతలా కరిగిన మైనం పోస్తే చాలు, ఈగలు ఆ వరసనే పట్టు కట్టుకుంటాయి.

సెప్టెంబరు

అసలు తంటా ఇక్కడే. ఎక్స్‌ట్రాక్టరుకు ఆర్డరు పెట్టబోతే అమ్మే అతను అడిగిన మొదటి మాట, "మీ ఫ్రేము సైజెంతండీ?" అని. ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్పారు.

బాబాయివి లాంగ్‌స్ట్రాత్ పెట్టెలు. ఫ్రేము దాదాపు 45 సెం.మీ. పొడవు, 23 సెం.మీ. ఎత్తు. పుట్ట ఈగలవాళ్లవి చాలావరకు న్యూటన్ పెట్టెలు. వందేళ్ల కిందట తమిళనాడు ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ మన చిన్న ఈగలకని తయారు చేసిన నమూనా అది. ఫ్రేము సుమారు 20 సెం.మీ. పొడవు, 14 సెం.మీ. ఎత్తు, పైన తేనె అరలో ఫ్రేము ఎత్తు 6 సెం.మీ. మాత్రమే. ఇవి రెండూ కాక కొందరివి ఊళ్లో వడ్రంగి ఒక పెట్టెను చూసి ఊహించి చేసినవి. అవి ఏ కొలతకూ చెందవు. ఒకరి ఫ్రేము పక్కవాళ్ల పెట్టెలో దిగదు, దిగినా కింద ఆనుతుంది.

ఈగ నడవడానికి వదలాల్సిన సందు గురించి ఇక్కడే అందరికీ బాగా ఎక్కింది. 1850ల మొదట్లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ కనిపెట్టిన కిటుకు అదే. గోడకీ ఫ్రేముకీ మధ్య సుమారు 9 మి.మీ. వదిలితే ఈగలు దాన్ని దారిగా వాడుకుంటాయి. అంతకన్నా ఎక్కువైతే అడ్డదిడ్డంగా పట్టు కట్టేస్తాయి, మరీ తక్కువైతే మూసేస్తాయి. పుట్ట ఈగలకు ఇంకాస్త తక్కువ సందు చాలు. ఒక ఫ్రేము మధ్య నుంచి పక్క ఫ్రేము మధ్యకు ఇటాలియన్ వాటికి 35 మి.మీ., మనవాటికి 32 మి.మీ. మూడు మిల్లీమీటర్లేగా అనుకుంటాం. ఏడు ఫ్రేములు దాటేసరికి అదే ఇరవై దాటుతుంది. పెట్టె ఎందుకు ఇరుక్కుపోతోందో, ఫ్రేము ఎత్తితే పట్టు ఎందుకు చిరుగుతోందో అప్పుడు తెలిసింది.

మా బృందంలోని రావులపాలెం మాస్టారు ఒక న్యూటన్ పెట్టె విప్పదీసి వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్లారు. వడ్రంగి చేతిలో పెట్టె తిప్పి చూసి, "నోటిమాట కొలతలొద్దండీ మాస్టారూ, అచ్చు ఒకటి చేసుకుందాం. దాన్నిబట్టి కోస్తానండి" అన్నాడు. టేకు ముక్కతో ఫ్రేము అచ్చు, పెట్టె గోడ అచ్చు తయారయ్యాయి. మేం కొన్నవాటన్నిట్లోకీ విలువైన ఉమ్మడి సామాను ఆ రెండు చెక్కలే అని నా అభిప్రాయం. ఇక కొత్త పెట్టె ఎవరు చేయించుకున్నా ఆ అచ్చు మీదే. పాతవి కాలం తీరినప్పుడు మారతాయి, తొందరేం లేదు.

అక్టోబరు

ఎక్స్‌ట్రాక్టరు వచ్చింది. నాలుగు ఫ్రేములది, చేత్తో తిప్పేది, స్టీలు. జింకు రేకుది చాలా చవక. కానీ తేనెకు పులుపు గుణం ఉంటుంది, ఎక్కువసేపు తగిలితే జింకు కరుగుతుంది. పది మంది చేతులు మారే యంత్రానికి ఆ రేకు పూత ఎన్నాళ్లు నిలుస్తుంది? తలా కొంచెం ఎక్కువ పడినా స్టీలుకే ఒప్పించాం.

దాని బుట్టలు పెద్ద ఫ్రేములకని చేసినవి. మా చిన్న ఫ్రేము అందులో నిలబడదు, పక్కకు ఒరిగిపోతుంది. స్టీలు వలతో లోపల ఒక జేబులా వంచి బిగించాక, తేనె అర ఫ్రేములు ఒకదానిమీద ఒకటి మూడు పడుతున్నాయి. వల అంచులు బయటికి తిరిగి ఉండాలి, లేకపోతే పట్టును చెక్కేస్తాయి.

తిప్పడంలో ఒక పద్ధతి ఉంది. మొదట మెల్లగా తిప్పి ఒక పక్క సగం తేనె తీయాలి. ఫ్రేము తిరగేసి రెండోపక్క పూర్తిగా, మళ్లీ తిరగేసి మొదటి పక్క మిగిలింది. ఒకేసారి జోరుగా తిప్పితే లోపలి పక్క తేనె బరువుకి పట్టు వలలోకి దిగబడుతుంది. ఫ్రేములో ఊతంగా తీగ లేని మా పట్టులకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. వెలుతురు తగ్గాక, తలుపులు మూసిన గదిలో, కిటికీలకు దోమతెర కట్టి చేయాలి. పగలు ఆరుబయట తీస్తే ఊళ్లోని ఈగలన్నీ భోజనానికి వచ్చేస్తాయి. ఆ తర్వాత బలహీనమైన పెట్టెల మీద దోపిడీ మొదలవుతుంది.

నవంబరు

ఈ నెలంతా నేర్చుకోవడానికే. ఉమ్మడి డబ్బులో కొంత ఖాళీ పెట్టె ఒకటి కొనడానికి వాడాం. ఈగలు లేని పెట్టెకు డబ్బులెందుకని ఇంట్లో నవ్వారు. కొత్తవాళ్లకు మొదటి పాఠం దానిమీదే. ఫ్రేముల్లో బరువు కోసం తడి ఇసుక పొట్లాలు కట్టి, ఎత్తడం, తిప్పడం, దించడం. ఫ్రేమును పడుకోబెట్టినట్టు పట్టుకోకూడదు. తిప్పి చూడాలంటే ముందు పై బద్దను నిలువుగా చేసి, దాని చుట్టూ ఫ్రేమును తిప్పి, మళ్లీ అడ్డంగా తేవాలి. అలా అయితే పట్టు ఎప్పుడూ నిలువుగానే ఉంటుంది, విరిగి పడదు. చేయి కుదిరే దాకా నిజం పెట్టె జోలికి పంపట్లేదు.

మా దగ్గరున్న పుస్తకాలు ఎక్కువ ఇంగ్లీషు, హిందీ. తెలుగులో వ్యవసాయ శాఖవాళ్ల కరపత్రాలు నాలుగైదు దొరికాయి. వాటిలోంచి, మా అనుభవంలోంచి తీసి మాస్టారు ఒక పేజీ రాసి లామినేషన్ చేయించారు. పెట్టె మూత లోపలి వైపు అంటించుకునేది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి: రాణి ఈగ కోసం గంటల తరబడి వెతకొద్దు. గదిలో నిలబడిన గుడ్డు కనబడితే చాలు. గుడ్డు మూడు రోజుల్లో పొదుగుతుంది కాబట్టి మూడు రోజుల లోపు రాణి అక్కడ ఉన్నట్టే. పెట్టె తెరిచి ఉంచే సమయం సగానికి తగ్గుతుంది.

శిక్షణకు పుణెలో కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది, ఖాదీ కమిషన్‌ది, 1962 నుంచీ ఉంది. అక్కడికి ఒకరిని పంపి, వచ్చాక ఆయన మిగతావాళ్లకు చెప్పాలన్నది ఆలోచన. ఇంకా తేలలేదు. ఎవరికి సెలవు దొరుకుతుందన్నదే ప్రశ్న.

జనవరి

ఉమ్మడి సామాను అంటే భయపడాల్సింది ఒకటుంది, రోగం. 1990ల మొదట్లో థాయ్ శాక్ బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో పుట్ట ఈగల పెంపకాన్ని దాదాపు తుడిచిపెట్టేసింది. పిల్ల పురుగు గదిలోనే వెల్లకిలా సంచిలా ఉబ్బి చచ్చిపోతుంది. దానికి మందు లేదు. బాబాయికి తెలిసిన కొండవాళ్లు ఆ రోజుల్లో పెట్టెలు వరసగా ఖాళీ అవడం చూశారట.

అందుకని పట్టు ఉన్న ఫ్రేము, పాత పిల్ల పట్టు, వాడిన పెట్టె ఒకరి దగ్గర్నుంచి ఒకరికి మారకూడదు. ఎంత చుట్టరికం ఉన్నా సరే. ఉలిని మంటలో కాల్చాలి. కత్తి, బుట్టలు చాకలి సోడా వేసిన వేడి నీళ్లలో కడిగి, మళ్లీ మామూలు నీళ్లతో కడిగి ఎండబెట్టాలి. తోలు గ్లౌజులు శుభ్రం కావు, అందుకే గిన్నెలు తోముకునే రబ్బరు గ్లౌజులే మేలు. ఎవరి పెట్టెలో పిల్ల పురుగులు చచ్చి కనిపించినా వెంటనే గ్రూపులో చెప్పాలి, ఆ సీజనుకు ఉమ్మడి సామాను వాళ్ల ఇంటికి వెళ్లదు. ఇందులో మొహమాటం లేకుండా చూడటం కష్టమే. ఒకరికి కోపం కూడా వచ్చింది. ఆ నియమం మాత్రం తీయలేదు.

కుడితే ఒళ్లంతా దద్దుర్లు లేచినవాళ్లు, ఊపిరి ఆడనివాళ్లు పెట్టెల దగ్గరికి రావద్దని కూడా అదే పేజీలో రాశాం. అలా అయితే ఇంటి వైద్యం చూస్తూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మార్చి

ఎక్స్‌ట్రాక్టరు కోసం అందరూ ఒకే వారం ఎగబడ్డారు. జీడిమామిడి పూత అయిపోవచ్చింది, ఇక్కడ కానుగ మొదలవబోతోంది. తేదీల ప్రకారం పేర్లు రాస్తే తేనె పండని ఫ్రేములు కూడా తెచ్చేస్తున్నారు, తమ వంతు పోతుందన్న టెన్షన్‌తో. ఇప్పుడు పద్ధతి మార్చాం. ఫ్రేములో ముప్పాతిక గదులకు మైనం మూత పడిన ఫోటో వాట్సాప్‌లో పెట్టినవాళ్లకే వంతు. ముందు పెట్టినవాళ్లకు ముందు. గొడవ అక్కడితో ఆగింది. పచ్చి తేనె తీయడం కూడా ఆగింది.

రిఫ్రాక్టోమీటరు విలువ ఇప్పుడు తెలుస్తోంది. చెరకు తోటవాళ్ల దగ్గర ఉండే రకం పనికిరాదు. అది రసానికి, 32 బ్రిక్స్ (తీపి శాతం కొలత) వరకే చూపిస్తుంది. తేనె 80 దగ్గర ఉంటుంది. తేనెకు వేరేది ఉంది, తేమ శాతం నేరుగా చూపిస్తుంది. దాన్ని నీళ్లతో సరిచేయలేం, స్కేలు అంత కిందికి రాదు. దాంతోపాటు ఇచ్చే నూనె చుక్కతో సరిచూసుకోవాలి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన తేమ పరిమితి 20 శాతం. మా తీరం గాలికి మూతపడ్డ పుట్టతేనె కూడా 21, 22 చూపిస్తోంది. బాబాయి ఏజెన్సీ తేనె అలవోకగా 19. ఎక్కువ తేమ ఉన్నది పులుస్తుంది, కాబట్టి అది ఇంటి వాడకానికి, త్వరగా. ఊళ్లో అమ్మేవాళ్లు తప్పనిసరిగా చూపించుకునే వెళ్లాలి. నీళ్లలో వేసి, అగ్గిపుల్ల గీసి చేసే పరీక్షల్ని నేను నమ్మను. వాటికి తేమ శాతం తెలియదు.

మే

తేనె తీత ముగిసింది. పుట్ట ఈగల పెట్టెకు నాలుగైదు కిలోలు వచ్చినవాళ్లు సంతోషంగా ఉన్నారు. కిలో కూడా రానివాళ్లూ ఉన్నారు, వాళ్లవి ఈ ఏడాదే పట్టిన ఈగలు. వాటి దగ్గర తేనె ఆశించకూడదు.

ఎక్స్‌ట్రాక్టరు విప్పి వేడి నీళ్లతో కడిగి ఎండబెట్టాం. సబ్బు వాసన పట్టకుండా సబ్బు వాడలేదు. గేరు దగ్గర కీచుమంటోంది, వానలకు ముందే బేరింగు మార్చాలి. ఖర్చు ఉమ్మడి డబ్బులోంచి. ఖాళీ పట్టులు ఇంట్లో పేర్చి ఉంచితే మైనపు పురుగు తినేస్తుంది, అందుకని అందరూ పాతవి కరిగించి మైనం ముద్దలు తెస్తామన్నారు. దానికోసం గాజు మూత ఉన్న సోలార్ పెట్టె చేయమని అదే వడ్రంగికి చెప్పాం. మైనం కలిపి కరిగించే ముందు ఎవరి ముద్ద ఎంత బరువో రాసుకోవాలి. ఆ పుస్తకం రావులపాలెంలో మాస్టారింట్లో ఉంటుంది, యంత్రం తాళం చెవి కూడా.