తెలిసిన వీధిలో దిక్కు తెలియని రోజులు

నాకు వచ్చింది బ్రెయిన్ స్ట్రోకే. కానీ మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు, కాళ్లూ చేతులూ బాగానే ఆడాయి. పోయింది ఒక్కటే, దిక్కు. బస్సు దిగి చూస్తే అంతా రోజూ చూసేదే. మూల మీద బ్యాంకు, దాని పక్కన వాటర్ ట్యాంకు, ఆ వెనక స్కూలు గోడ. ఎక్కడున్నానో స్పష్టంగా తెలుసు. ఇంటికి ఎటు తిరగాలో మాత్రం తెలియడం లేదు. కుడికీ ఎడమకీ చూశాను. రెండువైపులా రోడ్డు ఒకేలా తెలిసినదిగానే ఉంది, ఏ ఒక్కటీ ఇల్లుండే వైపులా అనిపించలేదు. చివరికి మా ఆయనకి ఫోన్ చేస్తే, వచ్చి తీసుకెళ్లారు.

మొదట చూసిన డాక్టరు టెన్షన్ వల్ల అయ్యుంటుందని, బాగా నిద్రపొమ్మని చెప్పి పంపేశారు. ఆ రాత్రి బాత్రూమ్ నుంచి బయటికొచ్చి, మా పడకగదికని వంటింట్లోకి వెళ్లాను. అది వంటిల్లని చూడగానే తెలిసింది, అక్కణ్ణుంచి పడకగది ఎటో తెలియలేదు. అప్పుడిక మా ఆయన ఆగలేదు. పెద్దాసుపత్రిలో స్కాన్ తీస్తే మెదడు కుడిభాగంలో, బాగా లోపల, వెనకవైపు చిన్న రక్తస్రావం కనిపించింది. నా బీపీ చాలా ఎక్కువగా ఉంది, కారణం అదే కావచ్చన్నారు. అలవాటైన దారి ఉన్నట్టుండి తెలియకుండా పోతే దాన్ని మతిమరుపుగానో అలసటగానో కొట్టిపారేయకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నా కేసులో మరే లక్షణమూ లేదు.

రక్తం చేరిన చోటిని రెట్రోస్ప్లీనియల్ కార్టెక్స్ అంటారట. అది చేసే పని గురించి న్యూరాలజిస్ట్ చెబుతుంటే, నాకేం జరిగిందో మొదటిసారి అర్థమైంది. మెదడులో దారికి సంబంధించిన పని ఒకచోట జరగదు. హిప్పోక్యాంపస్ అనే జ్ఞాపకాల భాగంలో కొన్ని కణాలు మనం ఫలానా చోట ఉన్నప్పుడే స్పందిస్తాయి. వీటిని 1971లో జాన్ ఓకీఫ్ ఎలుకల్లో గుర్తించారు. పక్కనే ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగంలో ఉండే కొన్ని కణాలు, మనం కదిలే స్థలమంతా త్రిభుజాల అల్లికలా పరిచి దూరాలు కొలుస్తాయి. ఇవి 2005లో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ దంపతుల ల్యాబ్‌లో బయటపడ్డాయి. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. నన్ను ఎక్కువగా కదిలించినవి మాత్రం వేరే కణాలు. ఎక్కడున్నామన్న దానితో వాటికి పనిలేదు. తల ఒక దిక్కుకి తిరిగి ఉన్నప్పుడు కొన్ని, మరో దిక్కుకి తిరిగితే మరికొన్ని పనిచేస్తాయి. తల లోపల దిక్సూచి అన్నమాట. మనకి తెలియకుండానే, లోపలి చెవి నుంచి వచ్చే సమాచారంతో అది ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ ఉంటుంది.

నాకు దెబ్బ తగిలిన భాగం ఈ దిక్సూచికీ కంటికి కనిపించే దృశ్యానికీ మధ్య వంతెన. ‘ఈ బ్యాంకు నాకు ఎడమవైపు ఉంది’ అన్నది కన్ను చెబుతుంది. ‘బ్యాంకుకి ఉత్తరాన మా ఇల్లు’ అన్నది జ్ఞాపకం చెబుతుంది. రెండూ కలిస్తేనే అడుగు ఎటు వేయాలో తెలుస్తుంది. నా దగ్గర రెండూ ఉన్నాయి, కలవడం లేదు.

1997లో జపాన్ వైద్యులు సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్న ముగ్గురి గురించి రాశారు. వాళ్లలో ఒకాయన టాక్సీ డ్రైవరు. బండి నడుపుతుండగానే వెళ్లాల్సిన చోటికి దారి తెలియకుండా పోయింది. చుట్టూ ఉన్న భవనాలు మాత్రం గుర్తుపడుతూనే ఉన్నారు. ఆ సంగతి విని ఏడ్చాను. నాలాంటి వాళ్లు ముందే ఉన్నారని తెలియడం అంత ధైర్యమిచ్చింది.

ఆసుపత్రిలో థెరపిస్ట్ నన్ను మా ఇంటి ప్లాను గీయమన్నారు. హాలు గీశాను, వంటిల్లు గీశాను, కిటికీలు కూడా పెట్టాను. గదుల్ని ఒకదాని పక్కన ఒకటి అతికించడమే రాలేదు. కాగితం మీద విడివిడి పెట్టెల్లా మిగిలాయి.

మొదటి వారాలు మాటలే దారి చూపాయి. ‘గేటు దాటగానే ఎడమకి. ట్యాంకు దగ్గర కుడికి.’ కార్డు మీద రాసుకుని అలాగే నడిచేదాన్ని. ఇలా మలుపుల వరసగా నేర్చుకున్న దారికి మెదడులో అలవాట్లను చూసుకునే కాడేట్ అనే వేరే భాగం ఉందట, అది నాకు బాగానే ఉంది. కానీ రోడ్డు తవ్వి ఒక్క మలుపు మూసేస్తే కార్డు పనికిరాదు. తిరుగు దారికి మరో కార్డు కావాలి. వెళ్లిన దారే వెనక్కి తిప్పుకోవడం ఎంత పెద్ద పనో అది పోతేగానీ తెలియదు.

అందుకే అసలు వ్యాయామం వేరే. ఒకచోట నిలబడి, కళ్లు మూసుకుని, ఇల్లుండే వైపు వేలు చూపించాలి. తర్వాత అక్కడే ఒక్క పక్కకి తిరిగి, మళ్లీ చూపించాలి. సాయంత్రం నడకలో మా అమ్మాయి దీన్ని పట్టుకుంది. ‘అమ్మా, ఇప్పుడు మనిల్లు ఎటు?’ అని ప్రతి మలుపులో అడిగేది. మొదట్లో నోటికొచ్చింది చెప్పేదాన్ని. ఒకరోజు పార్కు వెనక గోడ దగ్గర అడిగింది. ఆలోచించకుండానే చెయ్యి లేచింది, వేలు గోడకి అవతలికి చూపించింది. ఇల్లు కనిపించడం లేదు, అయినా ఆ వైపు ఇల్లు ‘ఉంది’. ఇద్దరం అక్కడే నిలబడిపోయాం.

రక్తం ఇంకిపోయి, వాపు తగ్గడం వల్ల ఎంత కోలుకున్నానో, సాధన వల్ల ఎంతో విడదీసి చెప్పలేమన్నారు డాక్టరు. లండన్‌లో టాక్సీ లైసెన్సు కోసం వేల వీధులు నేర్చుకుని పాసైన వాళ్లలో హిప్పోక్యాంపస్ వెనక భాగం పెరిగిందని 2011లో తేలింది. నా దెబ్బ వేరే చోట తగిలింది నిజమే. అయినా ఎదిగిన మనిషి మెదడు కూడా దారుల కోసం మారుతుందన్న మాటనే పట్టుకుని రోజూ నడిచాను.

ఇప్పుడు మా ప్రాంతమంతా తిరిగి ఒక్కటైంది. కొత్త భవనంలోకి ఒక తలుపున వెళ్లి మరో తలుపున బయటికొస్తే మాత్రం ఇంకా కాసేపు ఆగాల్సొస్తుంది. డ్రైవింగ్ గురించి వచ్చే చెకప్‌లో చూద్దామన్నారు. అంతవరకూ మా ఆయనే నడుపుతారు. నేను పక్క సీట్లో కూర్చుని, మలుపు రాకముందే ఎటు తిప్పాలో చెబుతున్నాను.