అమిత్ లేని పెనాల్టీ కార్నర్

2024 ఆగస్టు 4, ఆదివారం. మా అక్కా బావా గాజువాక నుంచి కంచరపాలెంలో ఉన్న మా ఇంటికి భోజనానికి వచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పారిస్ ఒలింపిక్స్ హాకీ క్వార్టర్ ఫైనల్, మనకీ బ్రిటన్‌కీ. వంజరం పులుసు గిన్నె మధ్యలో పెట్టుకుని టీవీ ముందే తిన్నాం. మా బావది క్రికెట్ ప్రాణం. అయినా ఆ రోజు నాకోసం కూర్చున్నాడు.

రెండో క్వార్టర్ ఇంకా మొదలైందో లేదో, 17వ నిమిషంలో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్ బంతితో దూసుకుపోతుంటే అతని స్టిక్ పైకి లేచి వెనకాల వస్తున్న బ్రిటన్ ఆటగాడు విల్ కాల్నన్ తలకి తగిలింది. అంపైర్లు వీడియో చూశారు. రెడ్ కార్డ్. హాకీలో గ్రీన్ కార్డ్ చూపిస్తే రెండు నిమిషాలు బయట కూర్చుని వచ్చేయొచ్చు. ఎల్లో అయితే ఐదో పదో నిమిషాలు. రెడ్ అంటే ఇక లోపలికి రావడం లేదు, అతని బదులు ఇంకొకరు రావడమూ లేదు. పదిమందితోనే చివరిదాకా లాగాలి.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత జరిగింది హాకీ చూసేవాళ్ళందరికీ తెలుసు. 22వ నిమిషంలో హర్మన్‌ప్రీత్ గోల్ కొట్టాడు, 27లో లీ మోర్టన్ సమం చేశాడు. అక్కణ్ణుంచి మనవాళ్ళు చేసింది ఆట కాదు, కోట కాపలా. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే మన్‌ప్రీత్ వెనక్కి వచ్చి డిఫెన్స్‌లో నిలబడ్డాడు. గోల్‌కీపర్ శ్రీజేష్ కాళ్ళతో, చేతులతో, ఒంటితో ఆపాడు. 1-1తో షూటౌట్‌కి వెళ్ళి 4-2తో గెలిచాం. మా అక్క ఏడ్చేసింది. నేను కూడా.

అప్పుడు బావ అన్నాడు, "చూశావా, ఒకణ్ణి కొట్టారు, గెలిచారు. ఇన్నాళ్ళూ మనవాళ్ళు మరీ మెత్తగా ఆడబట్టే యూరప్ వాళ్ళు తొక్కేశారు. కొంచెం కరుకుగా ఉండాలి."

సంతోషంలో ఉన్నాను కాబట్టి ఏమీ అనలేదు. కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇలా అనేది బావ ఒక్కడే కాదు. హాకీ అంటే పడి చచ్చేవాళ్ళలో కూడా సగంమంది ఇదే నమ్ముతారు. జట్టులో ఒకడైనా భయపెట్టేవాడు ఉండాలంటారు.

రెడ్ కార్డ్ లెక్క ఆ మ్యాచ్‌తో తీరలేదు. అమిత్‌కి ఒక మ్యాచ్ సస్పెన్షన్ పడింది. హాకీ ఇండియా అప్పీలు చేసినా ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత, మంగళవారం రాత్రి పదిన్నరకి జర్మనీతో సెమీఫైనల్‌కి, సబ్‌స్టిట్యూట్లతో కలిపి పదహారుమంది ఉండాల్సిన జట్టు, మనం పదిహేనుమందితో దిగాం.

అమిత్ పని ఏమిటో తెలియనివాళ్ళకి ఆ లోటు కనపడదు. గోల్ ముందు మనవాళ్ళు తప్పు చేసి ఎదుటి జట్టుకి పెనాల్టీ కార్నర్ పడినప్పుడు గోల్ లైన్ మీద నుంచి అందరికంటే ముందు పరుగెత్తి, బంతిని స్టిక్‌తో లాగి విసిరే డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడి మీదికి వెళ్ళేవాణ్ణి ఫస్ట్ రషర్ అంటారు. బంతి బుల్లెట్‌లా వస్తుంటే దానికి ఎదురెళ్ళడం. మోకాలికి, మణికట్టుకి, ముఖానికి ఎక్కడ తగులుతుందో తెలియదు. మన జట్టుకి ఆ పని చేసే మనిషి అమిత్. ఆ రాత్రి ముందు గోల్ కొట్టింది మనమే. 18వ నిమిషంలో జర్మనీ ఆటగాడు గొంజాలో పెయిల్లాట్ పెనాల్టీ కార్నర్‌లో గోల్ కొట్టాడు. 27వ నిమిషంలో ఇంకో కార్నర్‌లో బంతి మనవాడి కాలికి తగిలి పెనాల్టీ స్ట్రోక్ అయింది, అంటే ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. రూర్ కొట్టాడు. సుఖ్‌జీత్ సమం చేసినా 54లో మిల్ట్‌కావ్ మూడోది వేశాడు. 2-3. అమిత్ ఉంటే తప్పకుండా గెలిచేవాళ్ళమని నేను ప్రమాణం చేయను. కానీ ఆ రెండు కార్నర్లప్పుడూ లైన్ మీద నా కళ్ళు అతన్నే వెతికాయి.

2018 డిసెంబర్‌లో రాత్రి రైలెక్కి భువనేశ్వర్ వెళ్ళాను, కళింగ స్టేడియంలో నెదర్లాండ్స్‌తో వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్ చూడ్డానికి. 1-2తో వెనకబడి సమం చేయడానికి తపిస్తున్న చివరి నిమిషాల్లో అమిత్‌కే ఎల్లో కార్డ్. అది న్యాయం కాదని మన కోచ్ గొడవపెట్టాడు. స్టేడియమంతా అరిచింది, నేనూ అరిచాను. అరిచినంతమాత్రాన పదిమంది పదకొండుమంది అవలేదు. మన కార్డులు మనకి అన్యాయంగానే కనిపిస్తాయి, ఎదుటివాడి కార్డు ఎప్పుడూ న్యాయమే. అభిమానిగా నాలో ఉన్న ఈ జబ్బు నాకు తెలుసు.

2019 నవంబర్‌లో ఢిల్లీలో నెహ్రూ కప్ ఫైనల్. పంజాబ్ పోలీస్, పంజాబ్ నేషనల్ బ్యాంక్ జట్లు. స్కోరు 3-3 ఉండగా గోల్ ముందుండే డి గీత లోపల స్టిక్‌లతోనే కొట్టుకున్నారు. ఆ వీడియో పూర్తిగా చూడలేకపోయాను. ఆఖరికి బ్యాంకు జట్టు 6-3తో గెలిచిందన్నారు. రెండు జట్లకీ శిక్షలు పడ్డాయి. ఆ ఆరు గోల్స్‌లో ఒక్కటి కూడా ఎవరికీ గుర్తులేదు.

అయితే బావ మాటలో నిజం అసలు లేదని చెప్పలేను. ఎందుకంటే కొట్టి గెలిచినవాణ్ణి నేను.

1995లో ఏయూ గ్రౌండ్‌లో కాలేజీల మధ్య సెమీఫైనల్. నేను రైట్ హాఫ్. మట్టి నేల, బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం. వాళ్ళ లెఫ్ట్ వింగ్ కుర్రాడు సన్నగా, గాలిలా ఉండేవాడు. మొదటి సగంలోనే నన్ను నాలుగుసార్లు దాటాడు. హాఫ్ టైమ్‌లో మా సీనియర్ ఒకడు నా చెవిలో, "వాడికి ఒకటి తగిలించరా" అన్నాడు. తగిలించాను. బంతి వెళ్ళిపోయాక కూడా స్వింగ్ ఆపకుండా అతని వేళ్ళ మీదికి వదిలాను. అంపైర్ ఫ్రీ హిట్ ఇచ్చి ఊరుకున్నాడు. రెండు వేళ్ళు విరిగాయి. మేం 2-1తో గెలిచాం, తర్వాత ఫైనల్ కూడా గెలిచాం.

ఆ కుర్రాడు చెట్టు కింద తడి తువ్వాలు చేతికి చుట్టుకుని కూర్చున్నాడు. బూట్ల లేసులు విప్పుకోలేకపోయాడు. వాళ్ళ జట్టులో చిన్నవాడొకడు మోకాళ్ళ మీద కూర్చుని విప్పాడు. నేను నీళ్ళు తాగడానికి అటే వెళ్ళి చూశాను. దగ్గరికి వెళ్ళలేదు, పేరు కూడా అడగలేదు.

అమిత్ కావాలని కొట్టాడని నేను నమ్మను. నేను కావాలనే కొట్టాను. అతనికి రెడ్ కార్డ్, నాకు కప్పు.

సెమీఫైనల్ ఓడిన రాత్రి బావ ఫోన్ చేసి, "పాపం రా, ఒక్క మనిషి తక్కువైపోయాడు" అన్నాడు. అప్పుడు చెప్పాను ఈ కథ. ముప్పై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదు. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కుర్రాడు మళ్ళీ ఆడాడా?" అని అడిగాడు. తెలియదన్నాను.

ఆగస్టు 8న స్పెయిన్‌ని 2-1తో గెలిచి కాంస్యం తెచ్చారు. అమిత్ తిరిగొచ్చాడు. పెనాల్టీ కార్నర్ పడ్డప్పుడల్లా గోల్ లైన్ మీద అతను మాస్క్ సర్దుకోవడం కనపడుతుంటే నాకు ఊపిరి ఆడింది.

ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే మా వీధి పిల్లలు పద్నాలుగుమందికి హాకీ నేర్పిస్తున్నాను. టర్ఫ్ లేదు, మట్టే. నడుము పైకి స్టిక్ లేపితే ఐదు నిమిషాలు గోడ దగ్గర కూర్చోవాలి, కావాలని లేపినా, పొరపాటున లేపినా. మొన్న మా రషర్ పిల్ల కూర్చోవాల్సి వచ్చింది. ఏడో తరగతి, అందరికంటే ధైర్యం దానికి. "సార్, నేను చూసుకోలేదు సార్" అని ఏడుస్తూ వెళ్ళింది. సరిగ్గా అప్పుడే పెనాల్టీ కార్నర్ పడింది. దాని బదులు వాళ్ళ తమ్ముడు లైన్ మీదికొచ్చాడు, షిన్ గార్డ్‌లు మోకాలిదాకా వచ్చేశాయి వాడికి. అది ఏడుపు ఆపేసి, గోడ దగ్గర నుంచే, "ఒరే, స్టిక్ కిందపెట్టి పరిగెత్తరా!" అని అరుస్తోంది.