పాలమూరు నుంచి నల్లగొండ దాకా: ఓసీఐ కార్డుతో ఇంటి వేట

శంషాబాద్ దగ్గర బెంగళూరు హైవే ఎక్కింది మొదలు షాద్‌నగర్ దాకా, రాయికల్ టోల్‌గేటు దాటాక కూడా, రోడ్డుకు రెండు పక్కలా హోర్డింగులే. ఫామ్ విల్లా, వీకెండ్ హోమ్, శ్రీగంధం మొక్కలు ఉచితం. రేటు గజాల్లో ఉండదు, ‘ఐదు గుంటల యూనిట్’ అని ఉంటుంది. గుంటకు 121 గజాలు, అంటే ఐదు గుంటలు 605 గజాలు. ఇంటి జాగాను గుంటల్లో అమ్ముతున్నారంటే ఆ నేల రికార్డుల్లో ఇంకా పొలమేనని అనుమానించాలి. లేఅవుట్ అనుమతి లేకుండా, పార్కుకు జాగా వదలకుండా, తహశీల్దారు ఆఫీసులో పాస్‌బుక్కు మీద రిజిస్ట్రేషన్ చేసే దారి ఇది.

ఎన్నారైలకు, మాలాగా ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లకు ఈ దారి మూసే ఉంది. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం మనం ఇల్లు, ప్లాటు, షాపు కొనొచ్చు. దానికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. పొలం, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. తాతల పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అది వేరే సంగతి. సైటు ఆఫీసులో ఈ మాట ఎత్తితే జవాబు తయారుగా ఉంటుంది: ‘నాలా మేం చేపిస్తం సార్, ఈడ కొన్నోళ్లంత ఎన్నారైలే.’ సరే, నాలా కాగితం చేతికొచ్చాకే బయానా అంటే ముచ్చట చల్లబడుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. నాలా అంటే పొలాన్ని వ్యవసాయేతర వాడకానికి మార్చడం ఒక్కటే. అది వచ్చినంత మాత్రాన లేఅవుట్‌కు అనుమతి వచ్చినట్టు కాదు, ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ దొరికినట్టూ కాదు.

జడ్చర్లలో హైవే దిగి మహబూబ్‌నగర్ రోడ్డు పట్టాక సరుకు మారుతుంది. ఇక్కడ 150, 200 గజాల్లో కొత్త డూప్లెక్సులు దొరుకుతాయి. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ అన్నీ చూపిస్తారు. మేం చూసిన ఒక ఇంటికి దస్తావేజులో కొలతలు 30 అడుగులు, 60 అడుగులు. అంటే సరిగ్గా 200 గజాలు. టేపు పట్టి చూస్తే ముందు వైపు 29 అడుగులే తేలింది. లోతు 60 అలాగే ఉన్నా అది 193 గజాల చిల్లర. పోయిన అడుగు రోడ్డులో కలిసిందో, పక్కింటి గోడలోకి వెళ్లిందో తేలకుండా బయానా ఇవ్వకూడదు. టేపు మన సొంతానిది ఉండాలి, నాలుగు పక్కలా కొలవాలి, ఒక మూల నుంచి ఎదురు మూలకు కూడా లాగి చూడాలి. ఆ తర్వాతే మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను చేతిలో పట్టుకుని మేడెక్కాలి. ప్లానులో లేని పెంట్‌హౌస్ పైన కనిపిస్తే బ్యాంకు లోను దగ్గరే బండి ఆగుతుంది.

కాగితాల పని విసుగే, కానీ తప్పదు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) కనీసం 30 ఏళ్లవి వరసగా ఉండాలి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), వక్ఫ్, చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) భూములు ఈ జిల్లాల్లో బాగా తగులుతాయి. కాలనీ పాతదైతే పాత పహాణీలు (పొలం ఎవరిది, ఎవరి సాగులో ఉందో రాసే రెవెన్యూ రికార్డులు) కూడా తీయించడం మంచిది, ఇంటి కింది నేల అసలు ఎవరిదో అక్కడే బయటపడుతుంది. సర్పంచ్ సంతకం పెట్టిన పాత పంచాయతీ లేఅవుట్ చూపించి ‘అప్రూవ్డే’ అంటారు. డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి గానీ, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) కట్టిన రసీదు గానీ ఉందా అని మళ్లీ అడగాలి.

డబ్బు సంగతి ఇంకా సూటిగా ఉండాలి. ఎన్నారైల కోసం బ్యాంకుల్లో ఉండే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ, ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతాల నుంచి, లేదా విదేశం నుంచి బ్యాంకు ద్వారా నేరుగా పంపాలి. డాలర్ నోట్లు ఇవ్వడానికి లేదు. అమ్మేవాళ్లు సగం నగదు అడగడం ఇక్కడ మామూలే, కానీ స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పైగా రేపు ఇల్లు అమ్మి డబ్బు వెనక్కి పట్టుకెళ్లేటప్పుడు బ్యాంకు అడిగేది వచ్చిన దారి కాగితమే. నగదుకు దారి ఉండదు. రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. ఒప్పుకున్న ధర, ప్రభుత్వ విలువ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. ఇంకా కడుతున్న ఇల్లు బిల్డరు దగ్గర కొంటే జీఎస్టీ కూడా ఉంటుంది, పని పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఉండదు.

మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండకు హైదరాబాద్ చుట్టి రానక్కర్లేదు. జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి మీదుగా వెళ్లొచ్చు. చలక నేలలు, పత్తి చేలు, బండరాళ్ల గుట్టలు, నల్లగొండ దగ్గర పడేకొద్దీ బత్తాయి తోటలు. బండ దగ్గరగా ఉన్న చోట పునాది తవ్వకం ఖర్చు పెరుగుతుంది. ఖాళీ ప్లాటు కొనేవాళ్లు పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లను అడిగితే బండ ఎన్ని అడుగుల్లో తగిలిందో చెప్పేస్తారు.

నల్లగొండలో ముందు చూడాల్సింది నీళ్లు. ఈ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, కారణం కింద ఉన్న గ్రానైట్ రాయి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. ‘బోరు ఫుల్ వాటర్’ అని చూపిస్తే సంతోషపడకుండా మోటారు కాసేపు నడవనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కు ఇవ్వాలి. గాజు సీసా వద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ ‘నల్గొండ టెక్నిక్’ అని పేరే పెట్టింది. ఇంట్లో అయితే ఆర్‌ఓ సరిపోతుంది. కృష్ణా నీళ్ల నల్లా కనెక్షన్ ఉందా, ఎన్ని రోజులకోసారి వదులుతారు, సంపు ఎన్ని లీటర్లు, ఈ మూడూ అమ్మేవాళ్లను కాకుండా ఎదురింటివాళ్లను అడగాలి.

ఇక్కడ ఇంకో చిక్కు తగులుతుంది: అమ్మే మనిషి కూడా అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటాడు. అమ్మేవాళ్లు ఇండియాలో ఉండేవాళ్లయి, ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంటే కొనేవాళ్లు ధరలోంచి 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే పట్టే పన్ను) కోసి కట్టాలి. అమ్మేది ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క చెల్లదు. దీర్ఘకాల లాభం మీది పన్ను 12.5 శాతానికి సర్‌చార్జీ, సెస్ కలిపి పట్టాలి. తక్కువ పట్టడానికి అమ్మేవాళ్లు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అది లేకపోతే పేచీ మొదలవుతుంది. ‘అందరూ ఒక్క శాతమే కడతారండీ’ అనే డాక్యుమెంట్ రైటర్ మాట నమ్మితే, మిగతా పన్నుకు, వడ్డీకి నోటీసు వచ్చేది కొన్నవాళ్లకే.

రిజిస్ట్రేషన్‌కు బుక్ చేసుకున్న స్లాటు రోజున ఉండలేమనుకుంటే పవరాఫ్ అటార్నీ ముందే పంపాలి. ఈ ఒక్క ఇంటి కొనుగోలుకే పరిమితమైన స్పెషల్ పవర్ చాలు, జనరల్ పవర్ ఎవరికీ ఇవ్వొద్దు. భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ, అపోస్టిల్‌తో (కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ముద్ర) గానీ చేయించిన ఆ కాగితానికి ఇండియా చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. పాస్‌పోర్టులో, పాన్‌లో, ఓసీఐ కార్డులో పేరు ఒకేలా ఉందో లేదో విమానం ఎక్కకముందే సరిచూసుకోవాలి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటే కౌంటర్ దగ్గర ఆపేస్తారు.