కస్టమ్ రైఫిల్ చేయించుకోవాలా?

వేటకి కస్టమ్ రైఫిల్ చేయించుకోవాలా వద్దా అని చాలా రోజులుగా ఊగిసలాడుతున్నా. నిన్న ఒకటి భుజానికి ఆనించి చూశాక టెన్షన్ ఇంకా పెరిగింది! స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు నా చేతికి అచ్చంగా సరిపోయింది. చెంప ఆనించగానే కన్ను నేరుగా స్కోప్ మధ్యకి వచ్చింది. తూటాని లోపలికి తోసే బోల్ట్ వెన్నలా జరిగింది. (యాక్షన్, అంటే తూటా ఎక్కించి పేల్చే యంత్రాంగం మాత్రం 1898 నాటి మౌజర్ డిజైనే.)

గురి సంగతంటారా, 100 గజాల్లో అంగుళం గ్రూప్ (తూటాలన్నీ అంగుళం వెడల్పులోనే తగలడం) ఇప్పుడు చాలా ఫ్యాక్టరీ రైఫిళ్లే ఇస్తున్నాయి. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు అంతకంటే చాలా పెద్దది. అంత డబ్బూ ఒంటికి కుదిరే ఆ సుఖానికే పోయాలి. పైగా నా కొలతలకి చేయించింది రేపు అమ్మబోతే ఎవరికి సరిపోతుంది? ప్రస్తుతానికి ఉన్న రైఫిల్‌కే స్టాక్ మార్పిస్తున్నా. మిగిలిన డబ్బు తూటాలకి, ప్రాక్టీసుకి.