పికప్ వెనక పడవ: ఆరో వారం

అంబత్తూరులోని మా ఇంటి నుంచి పులికాట్ సరస్సు దాకా చిన్న తెరచాప పడవను సొంతంగా తీసుకుపోవాలన్న సరదాతో, పికప్ ట్రక్కుకు 50 మిల్లీమీటర్ల బాల్ హిచ్ (పడవను మోసే ట్రెయిలర్‌ను తగిలించే గుండు) బిగించుకుని ఇది ఆరో వారం. మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం ట్రెయిలర్‌కూ రిజిస్ట్రేషన్ తప్పదు కనుక, ఆ తతంగం మొదటే ముగించాను.

నాలుగో వారం వరకూ నా దృష్టంతా ఇంజన్ బలం మీదనే ఉండేది. ఆ ఆదివారం రెడ్ హిల్స్ దాటిన తరువాత, వేగం 70 కిలోమీటర్లకు చేరగానే ట్రెయిలర్ పాము తోకలా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టి, పికప్ వెనక భాగాన్ని కూడా తనతో ఈడ్చింది. గట్టిగా బ్రేక్ వేస్తే ఊపు ఇంకా పెరుగుతుందని చదివి ఉన్నందువల్ల, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని ఆక్సిలరేటర్ మీది నుంచి మెల్లగా కాలు తీశాను. 45 దగ్గర ఊపు ఆగింది. నా చేతుల వణుకు మాత్రం పొన్నేరి వరకూ ఆగలేదు.

మరునాడు వే బ్రిడ్జి మీద తూయిస్తే పడవతో సహా ట్రెయిలర్ 430 కిలోలుంది. సమతలమైన నేల మీద, బాల్ ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తుకు చెక్కదిమ్మ పేర్చి, దాని కింద స్నానాలగదిలోని తూకం యంత్రం పెట్టి చూస్తే కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రెయిలర్ ముందు కొన) దగ్గర పడుతున్న బరువు కేవలం 14 కిలోలు. ఇటువంటి ట్రెయిలర్‌కు మొత్తంలో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి, లేకపోతే ఇలాగే ఊగుతుంది. పడవ వెనక అంచున వేలాడుతున్న 40 కిలోల ఔట్‌బోర్డ్ ఇంజనే దోషి. దానిని విప్పి పికప్ తొట్టిలోకి మార్చగానే ట్రెయిలర్ 390కి దిగి, కప్లర్ బరువు 47కు, అంటే 12 శాతానికి చేరింది. వెనక బరువెక్కువైతే నొగ లేచి ఎద్దుల మెడకు పలుపు బిగుస్తుందని బండి కట్టిన ప్రతిసారీ హెచ్చరించే మా తాతగారికి ఈ లెక్క తూకం లేకుండానే తెలుసు. నిన్న అదే దారిలో 60 దాటకుండా వెళ్లాను, ఊపు లేదు.

కప్లర్ తాళం పడిందనుకున్న తరువాత కూడా ముందు జాకీని తిప్పి, పికప్ వెనక భాగం కొద్దిగా పైకి లేచేదాకా చూస్తున్నాను. తాళం పడకపోతే కప్లర్ అక్కడే ఊడి వస్తుంది. సేఫ్టీ చైన్లను కప్లర్ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేస్తే, అది ఊడినా ట్రెయిలర్ మూతి రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ ఉయ్యాలలో ఆగుతుంది. ఈ ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు లేవు కాబట్టి, ముందు వాహనానికి మామూలుగా వదిలేదానికి రెట్టింపు దూరం వదులుతున్నాను. సరస్సు దగ్గరికి చేరిన వెంటనే నీళ్లలోకి దించను. వేడెక్కిన చక్రాల బేరింగులు ఒక్కసారి చల్లబడితే ఉప్పునీటిని లోపలికి పీల్చుకుంటాయి.

రివర్స్ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఖాళీ స్థలంలో రెండు ప్లాస్టిక్ బిందెలను గుర్తుగా పెట్టి, స్టీరింగ్‌ను అడుగు భాగంలో పట్టుకుని, ట్రెయిలర్ ఎటు పోవాలో చేతిని అటు కదుపుతూ సాధన చేస్తున్నాను. ఇప్పటికి మూడు బిందెలు పగిలాయి.

మిగిలిన పని ఒకటే. ఎడమ ఇండికేటర్ వేస్తే టెయిల్ ల్యాంపు కూడా మిణుకుమంటోంది, ఇది ఎర్త్ సరిగా లేదనడానికి లక్షణం. ఏడు పిన్నుల సాకెట్‌లో మూడో పిన్నుకు వెళ్లే తెల్ల తీగను విప్పి, ఛాసిస్ మీద రంగు గీకి మళ్లీ బిగించాకే బండిని రోడ్డెక్కిస్తాను.